పియానోలోని కంబళి ముక్కలు

1986వ సంవత్సరము మార్చి నెలలో, నేను గుమాస్తాగా పనిచేయుచుండిన ఒక విద్యాశాలయందు సామానుల పట్టిక తనిఖీ జరిగెను. విరిగిన బల్లలు పదునేడు, కాళ్లు లేని కుర్చీలు ఇరువదిరెండు, తుప్పుపట్టిన బీరువా ఒకటి. ఈ వరుసలో చివరగా నిలువు పియానో ఒకటి యుండెను. దాని కెదురుగా ‘అన్‌సర్వీసబుల్’ అని నా చేతితోనే వ్రాసితిని. కారణము చూపవలసిన గడిలో, సంగీతము చెప్పు ఉపాధ్యాయిని పలికిన మాటనే అరవములో ఎక్కించితిని: మెట్టు వదలినను సద్దు ఆగుటలేదు. వేలమునాడు కట్టెల వర్తకు డొకడు దానిని విరిగిన బల్లలతో కలిపి ఒకే ధరకు కొనిపోయెను. లోపలి ఇనుప చట్రమును పగులగొట్టి పాత ఇనుము క్రింద వేరుగా అమ్మెనని తరువాత వింటిని.

ఆ వాద్యమునకు వచ్చినది చావదగిన జబ్బు కాదని ముప్పదిమూడు సంవత్సరముల తరువాత గాని నాకు తెలియలేదు. తెలిసిన నాటినుండి పియానోను గూర్చియు, అందులోని డ్యాంపరు అను చిన్న అవయవమును గూర్చియు దొరికిన పుస్తకములు చదువుచు వచ్చితిని. మన సంచికకు చరిత్ర వ్యాసము వ్రాయుమని సంఘము పెద్దలు కోరిరి. రాజుల చరిత్ర వ్రాయుటకు నాకంటె అర్హులు పలువురు గలరు. కావున ఒక కంబళి ముక్క చరిత్రను వ్రాయ సాహసించుచున్నాను.

కంబళి యని ఊరక అనలేదు. డ్యాంపరు మొగమున అంటించు ఫెల్టు అనునది నేయని ఉన్ని గుడ్డ. గొఱ్ఱె బొచ్చును తడిపి, వెచ్చజేసి, అదిమి, ఒకదానిలో నొకటి చిక్కుపడునట్లు చేయగా అది అట్టవలె గట్టిపడును. మన కరిసల్ నేలలో రాజకంబళమువారి పంచాయతి కూర్చున్నపుడు కంబళి పరచి దానిపై నీటి కలశము నుంచు ఆచారమును పెద్దలెరుగుదురు. ఆ కంబళి మీద తగవు తెగును. పియానోలోని కంబళి మీద నాదము తెగును. పోలిక నాది, తప్పైనచో పెద్దలు మన్నింతురుగాక.

పియానో మెట్టును నొక్కినపుడు లోపల నొక సుత్తి లేచి తీగెను కొట్టి వెనుకకు పడును. తీగె మ్రోగును. వ్రేలు మెట్టుపై నున్నంతవరకు అది మ్రోగుచుండవలెను, వ్రేలు తీయగానే నిలిచిపోవలెను. ఆ నిలుపు పని డ్యాంపరుది. మెట్టు దిగునపుడు తీగెనుండి తొలగుటయు, మెట్టు లేచునపుడు మరల వచ్చి తీగె నానుటయు దాని జీవితమంతయు. అది చెడినచో ముందు స్వరము పోకమునుపే తరువాతి స్వరము వచ్చి పడును. షడ్జమము మీద రిషభము, రిషభము మీద గాంధారము పేరుకొని, పెండ్లి పందిలిలో నలుగురు ఒక్కసారి మాటలాడినట్లుండును. మంద్రస్థాయి తీగెలు లావైనవి, పొడవైనవి గనుక వాని మ్రోత మిక్కిలి సేపు నిలుచును. అతితారస్థాయిలోని ఇంచుమించు ఇరువది మెట్లకు డ్యాంపరులే యుండవు. ఆ పొట్టి తీగెల నాదము తనంతట తానే చచ్చిపోవును. కావున ఎనుబదియెనిమిది మెట్ల పియానోలో డ్యాంపరుల సంఖ్య సామాన్యముగా డెబ్బదికి లోపే.

నాదము నాపు ఉపాయము పియానోకంటె పాతది. పియానోకు ముందు ఐరోపాలో వాడుకలోనుండిన హార్ప్సికార్డులో తీగెను మీటు కొయ్యపుల్లకే చిన్న గుడ్డ ముక్క తగిలించి, పుల్ల దిగునపుడు అది తీగెను తాకి ఆపునట్లు చేసియుండిరి. కాని దానిలో మీటుట ఒకే బలముతో నుండును. మెల్లగా నొక్కినను గట్టిగా నొక్కినను సద్దు సమానమే. ఇటలీలోని ఫ్లోరెన్సు నగరమున మెడీచి ప్రభువుల కొలువులో నుండిన బార్తొలొమెయో క్రిస్తోఫొరీ యనువాడు 1700 ప్రాంతమున మీటుపుల్లకు బదులు సుత్తిని పెట్టెను. మృదువుగను గట్టిగను పలుకునది యను నర్థమున దానికి పియానో ఫోర్తే యని పేరు వచ్చెను. 1711లో షిపియోనే మాఫ్ఫేయీ అను పండితుడు ఆ యంత్రమును పటముతో సహా వర్ణించి ప్రకటించెను. క్రిస్తోఫొరీ చేసిన పియానోలు మూడు నేటికిని నిలిచియున్నవి; వానిలో 1720 నాటిది న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునందు కలదు. సుత్తి యొకటే ఆయన ఘనత యని లోకులందురు. సుత్తితోపాటు ప్రతి మెట్టునకు డ్యాంపరు నమర్చి ఆ రెండింటికి వేళ కుదిర్చినది కూడ ఆయనయే. సుత్తి తీగెను చేరుటకు ముందే డ్యాంపరు తొలగవలెను. ముందుగా తొలగిన చాలదు, తగినంత ముందుగా తొలగవలెను.

తరువాతివారు డ్యాంపరులన్నింటిని ఒక్కమారు ఎత్తివేయు ఉపాయము కనిపెట్టిరి. మొదట చేతితో త్రిప్పు మీటలుండెను. వాయించుచున్న చేతిని తీసి మీటను త్రిప్పుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. 1783లో లండనులోని జాన్ బ్రాడ్‌వుడ్ పొందిన పేటెంటుతో ఆ పని కాలికి వచ్చెను. కుడి పెడలును తొక్కినచో డ్యాంపరులన్నియు లేచి, తీగెలన్నియు కలసి మ్రోగును. బేథోవెను 1801లో రచించిన చంద్రికా సొనాటా యని ప్రసిద్ధికెక్కిన కృతి మొదటి భాగమున డ్యాంపరులు లేకుండ వాయించుమని ఆజ్ఞ కలదు. అనగా ఒకనాడు దోషమైనది మరియొకచోట అలంకారమైనది. కాని అది వలసినపుడు పెట్టుకొని వలదన్నపుడు తీసివేయగల అలంకారము. మా విద్యాశాల పియానోకు ఆ రెండవ శక్తి పోయినది.

ఇక నిలువు పియానో సంగతి. పెద్ద పియానోలో తీగెలు పడుకొనియుండును. డ్యాంపరు తన బరువుతోనే వానిపై కూర్చుండును. ఇంటి గోడకు ఆనించుకొను నిలువు పియానోలో తీగెలు నిలుచుండును. నిలువు తీగెపై బరువు ఆనదు గదా! అందుచేత ప్రతి డ్యాంపరును వెనుకనుండి సన్నని స్ప్రింగు నెట్టుచుండవలెను. స్ప్రింగు నీరసించినను, ఫెల్టు అరిగినను పని చెడును. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునుండి వచ్చిన నిలువు పియానోలు పెక్కింటిలో మరియొక చిక్కు గలదు. వానిలో డ్యాంపరులు సుత్తుల పైభాగమున నుండును. వానిని ఎత్తు ఇనుప కమ్మీలు సుత్తుల ముందు వరుసగా నిలిచి పక్షిపంజరము వలె కనబడును. పనివాండ్రు వానిని పంజరపు పియానోలనియే పిలుతురు. సుత్తుల పైన నుండుటవలన డ్యాంపరు తీగె కొసకు దగ్గరగా తాకును. ఊయల కొయ్యను నడుమ పట్టిన వెంటనే ఆగును గాని, త్రాడు ముడికడ పట్టిన ఆగునా? ఇదియు నంతే. అటువంటి పియానో క్రొత్తదైనపుడే మంద్రస్థాయిలో కొంచెము గునియుచుండును. ముసలిదైన తరువాత చెప్పనేల? తరువాత వచ్చిన జర్మను పద్ధతిలో డ్యాంపరులు సుత్తులకు క్రిందికి దిగెను. క్రమముగా లోకమంతట ఆ పద్ధతియే నిలిచెను.

ఈ వాద్యములు మన దక్షిణమునకు ఓడలలో వచ్చినవి. చెన్నపట్టణమున మిస్క్విత్ వారి వాద్యముల అంగడి 1842లో నెలకొనెను. మ్యూసీ మ్యూజికల్ అను పేర మౌంటు రోడ్డున ప్రసిద్ధమైనది అదియే. 1876లో రైలుమార్గము మధురనుండి తూత్తుకుడికి చేరగా, విరుదుపట్టి, సాత్తూరు, కోవిల్‌పట్టి స్టేషనులలో ఇంతటి బరువైన పెట్టెలను దింపుట సాధ్యమైనది. మిషనరీల బడులకు, దొరల బంగళాలకు, ఒకరిద్దరు జమీందారుల హాలులకు అవి చేరెను. మన యిండ్లలోనికి పెక్కు మారులు వచ్చినవి వేలములో వచ్చినవే. 1950, 60 నాటి తెలుగు చలనచిత్రములలో ధనికుని యింట పియానో లేనిదే కథ నడవదు. నాయకుడు దానిముందు కూర్చుండి తన దుఃఖమంతయు పాడును. ఆ పియానోకు డ్యాంపరులున్నవో లేవో ఎవరు చూచిరి!

ఇచ్చట ఒక ప్రశ్న నన్ను చాలకాలము వేధించెను. ఐరోపానుండి వచ్చిన వాద్యములలో వయొలిను మనదైపోయెను. పియానో పరాయిదిగనే నిలిచెను. ఏల? దీనికి సమాధానము మన సమీపముననే, కోవిల్‌పట్టికి తూర్పున కొద్ది దూరమున నున్న ఎట్టయపురములో దొరకును. ఆ సంస్థానాధిపతులు తెలుగువారు, రాజకంబళమువారు. ముత్తుస్వామి దీక్షితులు 1835లో తనువు చాలించినది ఆ యూరిలోనే. వారి సమాధియు అచ్చటనే యున్నది. వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణమున నొక యూరోపియనుయొద్ద వయొలిను నభ్యసించి, దానిని మన సంగీతమునకు లొంగదీసిన ప్రథములలో నొకరై, ఎట్టయపురమున ఆస్థాన విద్వాంసులైరి. వయొలినునకు మెట్లు లేవు. వ్రేలు ఎచ్చట జారిన అచ్చట స్వరము జారును. గమకము దాని కబ్బెను. పియానో మెట్టు కొట్టిన స్వరము కొట్టినచోటనే నిలిచియుండును. దానిని ఊపుటకు వీలులేదు. మెట్ల వాద్యమని హార్మోనియమును సైతము ఆకాశవాణి 1940నుండి 1971వరకు వెలివేసెనన్న, పియానో గతి చెప్పనక్కరలేదు.

అయినను ముత్తుస్వామి దీక్షితులు చెన్నపట్టణపు బ్యాండులవలన విన్న సీమ మట్లకు సంస్కృత సాహిత్యము కూర్చిరి. నోటుస్వర సాహిత్యములని పేరుగల అవి సుమారు నలువది. వానిలో నొకటి ఇంగ్లీషువారి రాజభక్తి గీతపు మట్టునకు సరిపోవును. గమకము లేని ఆ మట్లు పియానోపై హాయిగా కూర్చుండును. తరువాత చెన్నపట్టణపు సెక్రటేరియటు ఉద్యోగి ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారుగారు 1893 ప్రాంతమున మన కృతులను ఐరోపా గీతల లిపిలోనికి మార్చి ప్రకటించు బృహత్కార్యమునకు పూనుకొనిరి. బాలుస్వామి దీక్షితుల దత్తపుత్రులైన సుబ్బరామ దీక్షితులు తమ యింట నిలిచిన కృతులను ఆయనకు తెలిపిరి. ఆ మొదలియారుగారి ప్రోద్బలమే తుదకు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’కి కారణమైనది. 1904లో ఎట్టయపురమున, సంస్థానపు అచ్చుకూటమునుండి, తెలుగులిపిలో వెలువడిన ఆ గ్రంథము మనకందరకు గర్వకారణము. సెక్రటేరియటు ఉద్యోగి యొకరు పాడుకాబోవు దానిని నిలిపిన కథ యది. ఉద్యోగిగా నేను చేసిన పని ఇదివరకే మనవి చేసితిని.

వయొలిను మనదైనందున దానిని బాగుచేయు చేతులు కూడ మన యూళ్లలో తయారయ్యెను. వీణ మెట్లకు మైనము పోయు పనివారు, మృదంగమునకు కరణె పెట్టువారు తరతరములుగా నుండిరి. పియానోకు అట్టి కులవృత్తి యేర్పడలేదు. బాగుచేయువాడు చెన్నపట్టణమునుండియో బొంబాయినుండియో రావలెను; వాని రైలు ఖర్చునకు జంకి పెట్టెను మూలకు త్రోయుదురు. మూలనున్న పెట్టెలో ఎలుక గూడు పెట్టును. ఉన్నిబట్టలను తొలుచు చిమ్మెట ఫెల్టును తినును. మనవైపు ఎండలకు కొయ్య ఎండి పగులును, ఐప్పసి, కార్తిక మాసముల వానలకు ఉబ్బి కీళ్లు బిగియును. ఇన్నింటిలో మొట్టమొదట చెడునది డ్యాంపరే.

2019లో కోవిల్‌పట్టిలోని మా పరిచితుల యింట ఒక పంజరపు పియానో బాగుపడుట కన్నులార చూచితిని. వారి తాతగారు సీమకు మరలిపోవుచుండిన దొర యొకరి వేలములో దానిని కొనిరట. చెన్నపట్టణమునుండి పనిమీద మధురకు వచ్చిన వృద్ధు డొకడు నాలుగు దినములు అచ్చట నుండుటకు ఒప్పుకొనెను. నేను నరికుడినుండి విరుదునగరము చేరి, బండి మారి, ప్రతిదినము పోయి దీపము పట్టుకొని నిలుచుంటిని. పెట్టె మూత తీయగానే ఆయన నాతో, “సార్, దీని గొంతు బాగుగానే యున్నది. నోరు మూసికొనుట మరచినది” అనెను. నాకు 1986 మార్చి జ్ఞప్తికి వచ్చెను. ఏమియు అనలేకపోతిని.

మొదట ఆయన ఒక్కొక్క మెట్టును కొట్టి వదలుచు, ఆగనివాని ప్రక్క సుద్దతో గుర్తు పెట్టెను. తొందరపడి ఫెల్టు మార్చుట మూర్ఖతయట. తీగెలన్నియు ఒక్కతీరుగా మ్రోగుచున్నచో దోషము డ్యాంపరులది కాకపోవచ్చును. పెడలు కడ్డీ ఎచ్చటనో చిక్కుకొని అన్నింటిని ఎత్తిపట్టియుండును, దానిని వదులు చేసిన చాలును. ఒక్కటి మాత్రమే మ్రోగినచో దాని స్ప్రింగు విరిగియుండును, లేదా కీలునందలి సూది తుప్పుపట్టి బిగిసియుండును. ఆగునపుడు జిల్లుమని చప్పుడైనచో ఫెల్టు గట్టిపడినదని అర్థము. తీగెలు ఏండ్లతరబడి ఒకేచోట ఆనుటచే ఫెల్టులో గాడులు పడి, అడుగు రాయివలె నగును. సూదితో గ్రుచ్చి మెత్తపరచుట గలదు గాని అది కొన్ని నెలల ముచ్చటయే. ఈ పియానోలో అరువదిరెండు డ్యాంపరులకు నలువదిమూడు రాయియైనవి, తొమ్మిదింటిని పురుగు తిన్నది. అన్నింటిని మార్చుటయే మేలని ఆయన నిశ్చయించెను. కొన్ని క్రొత్తవి కొన్ని పాతవి యున్నచో ఆగుట సమముగా నుండదు.

పంజరమును విప్పునపుడు ప్రతి డ్యాంపరునకు సంఖ్య వేసెను. ఈ పని నాకప్పగించెను. సంఖ్యలు వేయుటలో ముప్పదియెనిమిది సంవత్సరముల అనుభవము గలవాడను గదా. పాత ఫెల్టును పదునైన బ్లేడుతో చెక్కి, మిగిలిన బంకను తడిగుడ్డతో నానబెట్టి తుడిచెను. అది పశువుల తోలునుండి కాచు వజ్రపు బంక. నూరేండ్లైనను తడికి కరగును, అందుచేతనే మరల మరల బాగుచేయుటకు వీలగును. ఇప్పటి బంకలతో నట్లు కాదని ఆయన విసుగుకొనెను. క్రొత్త ఫెల్టును పాతదాని మందమునకే కోసెను. మందము హెచ్చినచో డ్యాంపరు లేచు వేళ తప్పును. ఒంటి తీగెల మెట్లకు ఒక తీరు, జంట తీగెల మెట్లకు నడుమ దూరునట్లు మొన తీర్చిన దొకటి, మూడేసి తీగెలున్నచోట చదునైనది. అన్నియు ఒక్కటే యనుకొని అంటించినవాని పని ఆ సాయంకాలమే బయటపడును.

బంక ఆరుటకు ఒక రాత్రి విడిచి, మూడవ దినమున వేళ కుదుర్చుట ప్రారంభించెను. సుత్తి తీగెకు సగము దూరము పోవునప్పటికి డ్యాంపరు కదలవలెను. ఒక్కొక్క కమ్మీని వెండ్రుకవాసి సరిచేయుచు, మరల మెట్టు నొక్కి చూచుచు, దినమంతయు గడిపెను. అటుపిమ్మట పెడలు తొక్కి అరువదిరెండును సైన్యమువలె ఒక్కమారు లేచునో లేదో చూచెను. మూడు వెనుకబడెను. వానిని సరిచేయుటకే మరునాటి మధ్యాహ్నమైనది.

పని ముగిసిన పిమ్మట ఆ యింటి కోడలు, వీణ నేర్చిన ఆమె, నోటుస్వరము నొకదానిని ఒక్కొక్క వ్రేలితో వాయించెను. స్వరము వెంట స్వరము, నడుమ ఎడముతో వినవచ్చెను. మంద్రస్థాయిలో నాలుగు తీగెలు మాత్రము వ్రేలు తీసిన తరువాతను లవలేశము గునిసినవి. పంజరపు పియానోకు అంతకన్న మేలు కోరరాదని వృద్ధుడు చేతులు తుడుచుకొనెను. ఆయన కూలియు ఫెల్టు ఖరీదును కలిపి, ఆ యింటివారు ఆ నెలలో కొన్న బట్టల బీరువా వెలకు తక్కువే.

గీకి తీసిన పాత ముక్కలను చెత్తలో వేయబోగా అడిగి తీసికొంటిని. అరువదిరెండుండవలెను, పురుగు తినినవానిలో నాలుగు పొడియైపోయినందున ఏబదియెనిమిది యున్నవి. కాగితపు పొట్లములో కట్టి, మీద సంఖ్యయు తేదీయు వ్రాసి, నా బల్ల సొరుగులో నుంచితిని.